నాలుగు వాటాల కామందు

తాతాజీ ఇరవై ఐదేళ్ళు కౌలు రైతుగా బతికాడు. ఆ ఇరవై ఐదేళ్ళలో ఒప్పుకున్న కౌలు ఒప్పుకున్నట్టు కొలిచింది రెండేసార్లు. ఆ రెండుసార్లూ అతనికి ఒంట్లో బాగోలేదు.

సామర్లకోటకి ఆరు కిలోమీటర్ల దూరంలో వాళ్ళ ఊరు. సొంతమంటూ ఉన్నది ఎకరం పావు. దున్నేది మాత్రం ఇంకో ఆరెకరాలు, అది శివరామకృష్ణగారిది. పొలం ఉన్నాయన్ని ఆ ఊళ్ళో ఇప్పటికీ కామందు అనే అంటారు. ఎకరానికి ఇన్ని బస్తాలని పంట వెయ్యకముందే కామందుతో మాట అనుకోవాలి, కోతలయ్యాక కొలవాలి. అనుకోవడానికీ కొలవడానికీ మధ్య ఉన్న ఆ నాలుగైదు నెలల్లోనే తాతాజీ ప్రతిభంతా ఉంది. తుఫానొస్తే తుఫాను. రాకపోతే దోమపోటు. దోమ కూడా మొహం చాటేస్తే ఎలకలు. ఏ పీడా లేకుండా చేను విరగపండిన ఏడాది, "అందరికీ పండేసిందండి, ఇంక ధరేముంటుంది" అనేవాడు. పండకపోయినా నష్టమే, పండినా నష్టమే. వ్యవసాయం గురించి ఇంత నిజం ఇంత లాభంగా చెప్పినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

అతని పద్ధతి కూడా వేరు. మిగతావాళ్ళు వెళ్ళి తగ్గించమని అడుగుతారు, బతిమాలతారు, పిల్లల చదువులు చెప్పుకుంటారు. తాతాజీ ఏమీ అడగడు. ఒక హస్తం చక్రకేళీ అరటిపళ్ళు పట్టుకుని పొద్దున్నే శివరామకృష్ణగారింటికి వెళ్తాడు. అరుగు మీద కుర్చీ ఖాళీగా ఉన్నా ఎక్కడు. కింది మెట్టు మీద కూర్చుని, తువ్వాలు మోకాలి మీద వేసుకుని, వీధిలోకి చూస్తూ ఉంటాడు. అంతే. ఆయన పేపరు చదువుకుంటారు, కాఫీ తాగుతారు, మళ్ళీ అదే పేపరు చదువుతారు. గంటకో గంటన్నరకో ఆయనే పేపరు మడిచేసి, "ఏరా తాతాజీ, ఏంటి సంగతి?" అంటారు. ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే ఎకరానికి మూడు బస్తాలు తగ్గినట్టే.

"అడిగితే తగ్గిస్తారు. అడక్కపోతే ఇంకా తగ్గిస్తారు" అనేది తాతాజీ సిద్ధాంతం. డిగ్రీలు చేసినవాళ్ళు దీనికి ఏదో ఇంగ్లీషు పేరు పెడతారు. తాతాజీ తొమ్మిదో తరగతి తప్పాడు కాబట్టి ఉత్తినే అలవాటు అనుకునేవాడు.

ఆ ఎకరం పావు పక్క నుంచి పెద్ద రోడ్డు పడింది. రోడ్డు పడగానే లేఅవుట్ వాళ్ళు వచ్చారు. పుట్టి బుద్ధెరిగాక తాతాజీ చూడనంత డబ్బు ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. ఆ రోజు రాత్రి అన్నం తింటూ భార్య మాణిక్యాంబతో చెప్పాడు, "ఇంక నేనూ కామందునే" అని.

అతని మనసులో ఉన్న బొమ్మ ఒక్కటే. తను కుర్చీలో ఉండాలి. కింది మెట్టు మీద ఇంకొకడు ఉండాలి. ఇరవై ఐదేళ్ళు కింది మెట్టు మీద కూర్చున్న మనిషికి అంతకన్నా పెద్ద కోరిక ఉండదు, ఉండక్కర్లేదు కూడా. కాకపోతే ఉన్న నేల మొత్తం ఇందులోకే పోయింది. ఇది బెడిసిందంటే మళ్ళీ కొనడానికి ఇంకో ఎకరం పావు లేదు.

"పొలమే కొని కౌలుకిచ్చేద్దాం" అన్నాడు ముందు.

"ఎవరికిస్తారు?" అంది మాణిక్యాంబ.

"ఎవరో ఒకరికి."

"ఆ ఎవరో ఒకరు మీలాంటివాడైతే?"

తాతాజీ మజ్జిగ పోసుకున్నాడు. పొలం ఆలోచన అక్కడితో ఆఖరు. మర్నాటికి వాటాల ఇల్లు అన్నాడు. నాలుగు కుటుంబాలు అద్దెకుండే ఇల్లు, నెల నెలా ఒకటో తారీఖున అద్దె. ఇంటికి దోమపోటు రాదు, ఎలకలు కంకులు కొరకవు, తుఫానుకి గోడలు నేలకి వాలిపోవు.

గణేష్‌బాబు అని సామర్లకోట స్టేషన్ దగ్గర ఒక బ్రోకరు ఉన్నాడు. ఆఫీసంటే జిరాక్స్ షాపు ముందు రేకు నీడ. అతని బండి మీద తాతాజీ నెల రోజులు తిరిగాడు. సామర్లకోటలోనే ఒక ఇల్లు రైలు కట్ట పక్కన ఉంది. ఓనరు గది చూపిస్తుండగా గూడ్సు బండి వచ్చింది. అది పోయేదాకా ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు.

"అలవాటైపోతుందండి" అన్నాడు ఓనరు.

"మీకు అలవాటైపోయాక ఎందుకమ్ముతున్నారండి?" అన్నాడు తాతాజీ.

ఉప్పాడలో ఆరు వాటాల ఇల్లు, నమ్మలేనంత చవక. మేడ మీంచి చూస్తే సముద్రం భలే ఉంది. "సముద్రం ఇంకా దూరమేనండి, మన ముందు ఇంకో వరస ఇళ్ళున్నాయి" అన్నాడు అమ్మేవాడు. ఏవీ అని తాతాజీ అటూ ఇటూ చూస్తే, గణేష్‌బాబు మెల్లిగా నీళ్ళ వైపు చెయ్యి చూపించాడు. ఆ వరస నిరుడు ఉండేది. పెద్దాపురంలో ఇంకొకటి, మూడు వాటాలూ నిండే ఉన్నాయి. అద్దెలు సరిగ్గా ఇస్తున్నారా అంటే, "చుట్టాలండి" అని మొహం తిప్పుకున్నాడు ఓనరు.

నాలుగోది పెద్దాపురంలోనే దొరికింది. కింద రెండు వాటాలు, పైన రెండు. ముప్పై ఏళ్ళ నాటి కట్టుబడి, గోడలు మందం, ఉప్పునీళ్ళు లేవు. ఓనరు మార్కండేయులుగారు. లెక్కల మాస్టారుగా రిటైరై సామర్లకోటలో భీమేశ్వరస్వామి గుడి దగ్గర ఉంటారు. మోకాళ్ళు అరిగిపోయి, నెల నెలా బస్సెక్కి వచ్చి అద్దెలు వసూలు చేసుకోవడం చేతకాక అమ్మేద్దామనుకుంటున్నారు. పైన వెనక వాటా ఖాళీగా ఉంది. మిగతా మూడిట్లో ఉన్నవాళ్ళు పాతవాళ్ళు.

ఇల్లు తాతాజీకి నచ్చింది. నచ్చిందని పైకి చెప్పేటంత అమాయకుడు కాదు.

"చేను కౌలుకి తీసుకునేముందు వానలో చూడాలోయ్" అన్నాడు గణేష్‌బాబుతో. "ఎండలో అన్ని చేలూ ఒకలాగే ఉంటాయి. నీళ్ళు ఎక్కడ నిలబడతాయో వానొస్తేనే తెలుస్తుంది. ఆ ఖాళీ వాటాలో ఓ పదిహేను రోజులు అద్దెకి దిగుతాను. కొనేవాణ్ణని మేష్టారికి చెప్పకు. ఊళ్ళో ఇల్లు బాగుచేయించుకుంటున్నాడని చెప్పు."

"ఆయ్, చెప్పనండి" అన్నాడు గణేష్‌బాబు. రెండు వైపులా కమీషన్ తీసుకునే మనిషి చెప్పనన్నాడంటే ఎంత చెప్పనట్టో తాతాజీ ఆలోచించాల్సింది.

అప్పటికి ఆషాఢం నాలుగు రోజుల్లో ఉంది. ఆషాఢంలో ఎవరూ కొత్త ఇంట్లో పాలు పొంగించరు కాబట్టి అమావాస్య లోపే రెండు గిన్నెలూ ఒక చాపా వేసుకుని వాటాలో దిగిపోయారు. దిగాక గానీ మాణిక్యాంబ ఆ ముక్క అనలేదు. "పదిహేను రోజుల్లో చూసేసి ఏం చేస్తారు? శ్రావణం వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వడానికి లేదు, రిజిస్ట్రేషన్ అంటే నేను సంతకానికి రాను." అంటే నెలంతా అద్దెకుండాలి. తాతాజీ నెత్తి మీదకి వచ్చిందంతా ఆ నెలలోనే వచ్చింది.

మొదటి పది రోజులు బుద్ధిగానే ఉన్నాడు. పొద్దున్నే బండేసుకుని ఊరెళ్ళి నారుమడి చూసుకుని మధ్యాహ్నానికి వచ్చేవాడు. వాన కురిస్తే గొడుగేసుకుని ఇంటి చుట్టూ తిరిగేవాడు. పునాది దగ్గర నీళ్ళు నిలవలేదు. తన వాటాలో వంటింటి గోడ ఒక్కటి చెమ్మగిల్లింది, అంతే. గోడలు తట్టి చూశాడు, మేడ మీద ట్యాంకులో చెయ్యి పెట్టి చూశాడు, మీటర్లు లెక్కపెట్టాడు. ఇరుగుపొరుగు కూడా చూశాడు. కింద ముందు వాటాలో లక్ష్మీదుర్గ, వీధి చివర కర్రీ పాయింట్ నడుపుతుంది, చీకటితోనే లేస్తుంది. కింద వెనక వాటాలో చిన్నమ్మాయి. పేరు అదే గానీ వయసు అరవై ఏడు. అప్పడాలు, వడియాలు చేసి కొట్లకి వేస్తుంది, ఆ వాటాలో దిగి ఇరవై రెండేళ్ళయింది. పైన ముందు వాటాలో రాజేంద్ర, పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాడు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి రోజంతా మెట్ల మీదే ఉంటాడు.

ముగ్గురూ ఒకటో తారీఖుకల్లా అద్దె పక్కన పెట్టేసుకుంటారు. ఐదో తారీఖున మేష్టారు వస్తే చేతిలో పెడతారు. ఒక్క మాట ఉండదు. ఈ సంగతి తెలిసిన రోజు తాతాజీకి రెండు భావాలు కలిగాయి. కొనబోయేవాడిగా ఒళ్ళు పులకరించింది. కౌలు రైతుగా వాళ్ళ మీద జాలేసింది. ఇంత మంది మనుషులు ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టు కట్టెయ్యడం అతను వినడం అదే మొదలు.

అప్పటికి జాతర జోరందుకుంది. మరిడమ్మ తల్లి జాతరంటే పెద్దాపురంలో ప్రతి కొంపకీ నలుగురేసి చుట్టాలు దిగుతారు. ట్యాంకు పొద్దున్న ఎనిమిదింటికే ఖాళీ. మోటారు మాత్రం మేష్టారు పెట్టిన రూలు ప్రకారం ఉదయం ఒక్క గంటే. సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ చేసి, వచ్చే నెల నుంచి వాటాకి వెయ్యి రూపాయలు పెంచుతున్నానని చెప్పారు.

ఆ సాయంత్రం నలుగురూ మెట్ల మీద చేరారు.

"ఓ అర్జీ రాశానండి, వినండి" అని రాజేంద్ర ఫోన్ తీశాడు. "గౌరవనీయులైన మేష్టారికి, మీ పాదపద్మములకు నమస్కరించి, దయతో కనికరించి..."

"చాల్లే ఆపవయ్యా" అన్నాడు తాతాజీ. అనకూడదనే అనుకున్నాడు. నాలిక ఆగలేదు. "కనికరించమంటే కనికరం లేదని చెప్పడానికి ఆయనకి వీలు దొరుకుతుంది. అలా అడిగితే వంద కూడా తగ్గదు."

"మరెలా అడగాలండి?"

"అడక్కూడదు."

ముగ్గురూ అతని వైపు తిరిగారు. ఇరవై ఐదేళ్ళుగా ఈ విద్య గురించి తాతాజీని అడిగినవాళ్ళు లేరు. ఊళ్ళో అందరికీ తెలిసినా మెచ్చుకున్నవాళ్ళు లేరు. ఇక్కడ ముగ్గురు మనుషులు మెట్ల మీద కూర్చుని నోరు తెరుచుకుని చూస్తున్నారు. గంటన్నర చెప్పాడు. చక్రకేళీలు, కింది మెట్టు, తువ్వాలు, అన్నీ చెప్పాడు. ఏ సంవత్సరం ఏ వంక చెప్పి ఎన్ని బస్తాలు తగ్గించాడో కూడా చెప్పాడు. "మంచి ఏడాదికి కూడా ఒక చెడ్డ ఉంటుందమ్మాయ్. అది వెతికి పట్టుకోవాలి" అన్నాడు లక్ష్మీదుర్గతో.

"భలేవారండి బాబాయ్‌గారూ" అంది లక్ష్మీదుర్గ. "ఆ కాగితమేదో మీరే రాసెయ్యండి మరి. మీకు చేతనవును."

పైకి వచ్చాక మాణిక్యాంబ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అడిగింది. "ఏవండీ, మనం ఇక్కడికి ఎందుకొచ్చాం?"

"ఇల్లు చూడ్డానికి."

"చూస్తున్నారా, కూలుస్తున్నారా?"

"ఎహె, నేనేం చేశాను? మాట సాయం" అన్నాడు తాతాజీ. "అయినా అద్దెలు పెరగకపోతే ఇంటి ధర పడుతుంది కదా. కొనేది మనమే కదా. నీకు లెక్క తెలీదు." ఆ లెక్క అతనికీ అప్పుడే తట్టింది. తట్టాక మాత్రం మొదటి నుంచీ అదే తన ఎత్తుగడ అని నమ్మేశాడు.

కాగితం తనే రాశాడు. ఊళ్ళో నీటి సంఘం అర్జీలన్నీ రాసిన చెయ్యి. మూడేళ్ళ దాకా అద్దె పెంచరాదు. మూడేళ్ళ దాకా ఎవరినీ ఖాళీ చెయ్యమనరాదు. మోటారు పూటకో గంట. పైన వెనక వాటా గోడ చెమ్మ ఓనరు ఖర్చుతో బాగుచేయించాలి. ఆ చివరిది తన వాటాదే, తను ఉండేది ఇంకో పదిహేను రోజులే. అయినా రాసే చోటు ఉంది కదా అని రాశాడు.

ఐదో తారీఖున మార్కండేయులుగారు వచ్చారు. అరుగు మీద కుర్చీ వేశారు. రాజేంద్ర చక్రకేళీలు తెచ్చి పక్కన పెట్టాడు. నలుగురూ మెట్ల మీద సర్దుకుని వీధిలోకి చూడ్డం మొదలుపెట్టారు. పావుగంటకి రాజేంద్రకి కాలు తిమ్మిరెక్కింది, తాతాజీ కళ్ళతోనే కదలొద్దన్నాడు. చిన్నమ్మాయి మధ్యలో కాస్త కునికింది. అది ఇంకా బాగా పనిచేసింది.

ముప్పావు గంటకి మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏంటండీ సంగతి, అందరూ ఇలా ఉన్నారు?" అన్నారు.

తాతాజీ లోపల్లోపల ఎగిరి గంతేశాడు. కాగితం ఆయన చేతిలో పెట్టాడు. ఆయన మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివారు. జేబులోంచి పెన్ను తీశారు. వాదించలేదు, వెయ్యిలో సగం ఇవ్వమని అనలేదు. అంత తేలిగ్గా ఒప్పుకునే కామందుని తాతాజీ ఎన్నడూ చూడలేదు. చూడలేదు కాబట్టే అనుమానం రాలేదు.

"ఒక్క లైను తక్కువైందండి" అన్నారు మేష్టారు. "ఇల్లు చేతులు మారినా, కొన్నవాళ్ళు కూడా దీనికి కట్టుబడాలి. ఇది లేకపోతే వీళ్ళకి రక్షణేముంది? మీ చేత్తోనే రాసెయ్యండి తాతాజీగారు, అక్షరం బావుంది."

తాతాజీ పెన్ను పట్టుకున్నాడు. కాగితం మీద చెయ్యి ఆగింది.

"రాయండి బాబాయ్‌గారూ" అంది లక్ష్మీదుర్గ.

"రాయి బాబూ, నీకు పుణ్యముంటుంది" అంది చిన్నమ్మాయి. కునుకు తీరి మంచి ఉత్సాహంగా ఉంది.

మేడ మెట్ల పైనుంచి మాణిక్యాంబ చూస్తోంది. రాయనంటే ఎందుకు రాయవంటారు. ఎందుకో చెప్తే తను ఎవరో చెప్పాలి. కళ్ళ ముందు మూడేళ్ళు, అంటే ఆరు పంటలు, ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. తాతాజీ రాశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. మేష్టారు సంతకం పెట్టారు, మిగతా ముగ్గురూ పెట్టారు, ఆఖర్న అద్దెకున్నవాడిగా తాతాజీ కూడా పెట్టాడు. అందరూ తలో అరటిపండూ తిన్నారు.

శ్రావణం రాగానే గణేష్‌బాబుని వెంటబెట్టుకుని సామర్లకోటలో మేష్టారింటికి వెళ్ళాడు. ఇల్లు కొనాలని ఈమధ్యనే ఆలోచన పుట్టినట్టు మొదలుపెట్టాడు. మేష్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"మీరు అద్దెకి దిగిన రోజే తెలుసండి. అద్దెకొచ్చినవాళ్ళు కుళాయి తిప్పి చూస్తారు. మీరు గోడ తట్టి చూశారట."

తాతాజీ గణేష్‌బాబు వైపు చూశాడు. గణేష్‌బాబు గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు.

"మరి తెలిసీ అనలేదేంటండి?"

"మీరూ అనలేదు కదండి." మేష్టారు మోకాలు రుద్దుకున్నారు. "ఆ చిన్నమ్మాయిగారు నా ఇంట్లో ఇరవై రెండేళ్ళుందండి. కొన్నవాడు మర్నాడే సామాను బయట పెట్టిస్తే ఎక్కడికి పోతుంది? కాగితం ఉండాలి. నేను రాసిస్తే కొనేవాడు ఒప్పుకోడు. అద్దె పెంచుతానంటే వీళ్ళే నోరు విప్పి అడుగుతారేమోనని ఆ వెయ్యి మాట అన్నాను. మీరు కూడా చెయ్యి వేస్తారనుకోలేదు. కొనేవాడే రాసిచ్చాక ఇంక పేచీ ఏముందండి."

ముప్పై రెండేళ్ళు పరీక్ష హాల్లో తిరిగిన మనిషి. కాపీ కొట్టేవాణ్ణి పట్టుకునే ముందు పేపరు మొత్తం రాయనిస్తాడు.

"ఆ కాగితం ఉండగా ఈ ధరకి ఎవరు కొంటారండి?" అన్నాడు తాతాజీ, దొరికిన గడ్డిపరక పట్టుకుని.

"ఎవరూ కొనరు" అని ఒప్పుకున్నారు మేష్టారు. "అందుకే మీకు యాభై వేలు తగ్గిస్తున్నాను. బయటివాడికైతే తగ్గించను."

యాభై వేలు తగ్గాయన్న సంతోషంలో తాతాజీ సగం దారి దాకా వచ్చాడు. మిగతా సగంలో, వాటాకి వెయ్యి చొప్పున మూడేళ్ళకి పోయేదెంతో లెక్క వేసుకున్నాడు, లక్ష దాటింది. వెనక్కి తిరగాలనే అనుకున్నాడు కూడా. కానీ ఆ ఇల్లు వానలో చూశాడు. వానలో నిలబడిన ఇల్లు ఇంకోటి చూడలేదు. శ్రావణ శుక్రవారం నాడు మాణిక్యాంబ కొత్త చీర కట్టుకుని సంతకం పెట్టింది.

కింద ముందు వాటా బావుంటుంది, అందులో తాము దిగుదామని తాతాజీ ఆశ. ఎవరినీ ఖాళీ చెయ్యమనరాదు. కాబట్టి ఓనరు పైన వెనక వాటాలోనే, చెమ్మ గోడ దగ్గరే ఉండిపోయాడు. ఆ గోడ ఓనరు ఖర్చుతోనే బాగుచేయించాడు. మాణిక్యాంబకి కుళాయి అలవాటై ఊరు రానంది. మోటారు పూటకో గంట, కరెంటు బిల్లు ఓనరుది.

కొన్నది తాతాజీ అని తెలిసిన రోజు రాజేంద్ర, లక్ష్మీదుర్గ కాసేపు గుసగుసలాడుకున్నారు. అర్జీ రాసినవాడే ఓనరవడం వాళ్ళు ఎక్కడా వినలేదు. ఆఖరికి లక్ష్మీదుర్గే తేల్చేసింది. "ఎవరో అనుకుని భయపడ్డాం. మన బాబాయ్‌గారే కదా, ఇంక మనకేంటి" అంది. ఆ మాటకి తాతాజీ నవ్వాడు. ఆ మాట బరువెంతో ఒకటో తారీఖున తెలిసింది.

ఆ నెలాఖరు వారమంతా వాన. ఏలేరు పొంగి చేలల్లోకి వచ్చింది. కొత్తగా నాట్లు ఊడ్చిన శివరామకృష్ణగారి ఆరెకరాలూ ఐదు రోజులు నీళ్ళ కింద ఉన్నాయి. తాతాజీ రోజూ వెళ్ళి గట్టు మీద నిలబడి వచ్చేవాడు. గట్టు ఉందని నమ్మి నిలబడ్డమే, కనపడేది కాదు. ఒకటో తారీఖున మాత్రం ఆ సంగతి పక్కనపెట్టి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. దీనికోసమే కొన్న టేకు కుర్చీ అరుగు మీద వేయించుకుని కూర్చున్నాడు. పేపరు కూడా తెప్పించుకున్నాడు.

ముందు చిన్నమ్మాయి వచ్చింది. చేతిలో ఒక హస్తం చక్రకేళీలు. కుర్చీ పక్కన పెట్టి, కింది మెట్టు మీద కూర్చుని, కొంగు సర్దుకుని, వీధిలోకి చూడ్డం మొదలుపెట్టింది.

తాతాజీ పేపరు ఎత్తి పట్టుకున్నాడు.

కాసేపటికి లక్ష్మీదుర్గ వచ్చింది, తర్వాత రాజేంద్ర. ఇద్దరూ ఆవిడ పక్కన సర్దుకున్నారు. ఈసారి రాజేంద్ర కాలు తిమ్మిరెక్కకుండా పీట తెచ్చుకున్నాడు. ఎవరూ మాట్లాడలేదు. వీధిలో పాలవాడు వెళ్ళాడు, స్కూలు ఆటో వెళ్ళింది, మళ్ళీ ఖాళీగా తిరిగొచ్చింది.

అడక్కూడదు. అడిగితే పోయినట్టే. ఆ సంగతి ఆ జిల్లాలో అతనికన్నా బాగా తెలిసినవాడు లేడు. చదివిన పేజీయే మళ్ళీ చదివాడు. అరగంటయింది. ముప్పావు గంటయింది. పేపరు అంచు మీంచి చూస్తే, చిన్నమ్మాయి నెరిసిన ముడి, దాని కింద సన్నటి మెడ కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ళూ శివరామకృష్ణగారిది మెత్తని గుండె, తనది గట్టి తెలివి అనుకున్నాడు. పై కుర్చీలో కూర్చుంటే గానీ తెలియలేదు. ఇక్కణ్ణించి చూస్తే మనిషి మొహం కనపడదు. మెడే కనపడుతుంది. దాన్ని గంటసేపు చూస్తూ కూర్చోవడం ఎవరి వల్లా కాదు.

"ఏంటి పిన్నిగారూ సంగతి?" అన్నాడు తాతాజీ. మేడ మీద మాణిక్యాంబ గిన్నెలు కడగడం ఆపేసింది.

"ఏముంది బాబూ. వారం నుంచి ఎండ లేదు. పిండి కలిపిందంతా బూజు పట్టింది. ఒక్క అప్పడం ఎండితే ఒట్టు."

"వానకి ఐదు రోజులు కొట్టు తియ్యలేదండి బాబాయ్‌గారూ" అంది లక్ష్మీదుర్గ. "వండిన కూర వండినట్టు కాలవలో పోశాను."

తాతాజీ రాజేంద్ర వైపు తిరిగాడు. ఒక్క ఆశ మిగిలింది. "నీకేమయ్యింది? శ్రావణమంతా పెళ్ళిళ్ళే కదా?"

"అదేనండి బాధ" అన్నాడు రాజేంద్ర, వీధిలోకి చూస్తూ. "అందరికీ పెళ్ళిళ్ళేనండి. ప్రతివాడూ కెమెరా పట్టుకుని దిగిపోయాడు. ఇంక రేటేముంటుంది?"

తస్సాదియ్యా, వీడు తనని మించిపోయేలా ఉన్నాడు అనుకున్నాడు తాతాజీ. కోపం రావాల్సింది, కాస్త గర్వం కూడా కలిసి వచ్చింది. అప్పటికి ముగ్గురి దగ్గరా సగం సగం తీసుకున్నాడు. మిగతాది ఎండొచ్చాక అన్నారు. ఎండ ఎప్పుడొస్తుందో కాగితంలో రాయలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ చక్రకేళీల హస్తాన్నే సంచిలో పెట్టుకున్నాడు. పళ్ళు ఒక్కటీ చెక్కుచెదరలేదు. "మళ్ళీ కొనడం దండగ" అన్నాడు మాణిక్యాంబతో. బండేసుకుని ఊరెళ్ళాడు. మునిగిన చేలు, దారి పొడుగునా ఎర్రటి నీళ్ళు. ఈసారి వంక వెతుక్కోనక్కర్లేదు. ఇరవై ఐదేళ్ళలో ఇంత నిజమైన కారణం అతనికి ఎప్పుడూ దొరకలేదు.

శివరామకృష్ణగారు అరుగు మీద పేపరు చదువుతున్నారు. తాతాజీ పళ్ళు పక్కన పెట్టి, కింది మెట్టు మీద కూర్చోబోయాడు.

"అక్కడేంటి, పైకి రండి" అన్నారాయన. పక్కనున్న కుర్చీ మీంచి తువ్వాలు తీసేశారు. "పెద్దాపురంలో నాలుగు వాటాలు కొన్నారని విన్నాను తాతాజీగారు. మంచి పని చేశారు. కూర్చోండి."

ఆయన నోటి వెంట ఆ గారు రావడం అదే మొదలు. తాతాజీ కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ఇంత ఎత్తు నుంచి వీధిలోకి ఎలా చూడాలో తెలియలేదు. తువ్వాలు మోకాలి మీద వేసుకున్నాడు, జారిపోయింది. పేపరు చదవడం అయింది. కాఫీ అతనికీ వచ్చింది, గ్లాసులో కాదు, కప్పూ సాసరులో. గంటయింది. గంటన్నరయింది. శివరామకృష్ణగారు హస్తంలోంచి ఒక పండు తుంచి, ఒలుచుకుని, నింపాదిగా తిన్నారు.

"పండు బావుందండి" అన్నారు. తొక్క వీధిలోకి విసిరి, మళ్ళీ పేపరు తీసుకున్నారు.